నా సాంచా చూస్తుండు

నా పిల్లలకు నేను నేర్పిన మొదటి ఆట చప్పుడు చేయకుండా ఉండటం. ఆట అని పేరు పెట్టానే గాని అది అవసరం. మా ఆయనది మరమగ్గాల కార్ఖానాలో రాత్రి పాళీ. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. సాయంత్రం ఏడింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని పోతే మళ్లీ పొద్దున ఏడింటికి జుట్టు నిండా నూలు నూగుతో వచ్చేవాడు. ఇంత తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. వడోద్‌లో అంటే బతుకుదెరువుకు మేం వచ్చిన గుజరాతీల పేటలో, మాది మొదటి అంతస్తులో ఒకటే గది. ఒక ఇనుప మంచం, ఒక మూల గ్యాసు పొయ్యి, తలుపు తీస్తే పది గదులకూ కలిపి ఒక గ్యాలరీ, దాని చివర అందరికీ కలిపి ఒక పాయిఖానా. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి అక్కడే నిద్రపోవాలి, ఇద్దరు ఆడపిల్లలు అక్కడే ఆడుకోవాలి.

అందుకని ఆ ఆట కనిపెట్టాను. ఎవరి నోట ముందు చప్పుడొస్తే వాళ్లు ఓడినట్టు. గెలిచినవాళ్లకు బెల్లం ముక్క. పిల్లలు ఆరితేరిపోయారు. గిన్నెలు పాత చీర మీద పెట్టి ఆడేవాళ్లు. నవ్వొస్తే దిండులో మొహం దాచుకునేవాళ్లు. కథలు చేతులతో చెప్పుకునేవాళ్లు. ఎప్పుడైనా గరిటె కింద పడితే నేను కళ్లు పెద్దవి చేసి, వేలు పెదాల మీద పెట్టి, "ష్... బాపు లేస్తడు!" అనేదాన్ని.

లేస్తే ఏమవుతుందో ఎప్పుడూ చెప్పలేదు. తొమ్మిదేళ్ల పెద్దదానికి తెలుసు, ఏమీ కాదని. చిన్నదానికి నాలుగు నిండి అయిదులో పడింది. అది తన బుర్రకు తోచింది నింపుకుంది.

దానికి తోడు ఆయన గొంతు. పదహారేళ్లు సాంచాల మధ్య నిలబడి ఆయన చెవులు మొద్దుబారాయి. ఇంట్లో కూడా నాలుగు సాంచాల అవతల ఉన్నవాడితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. పెళ్లైన కొత్తలో "నీళ్లు తేవే" అంటే నన్నేదో తిడుతున్నాడనుకుని ఏడ్చాను. ఒకసారి కింద ఉండే ఇంటి యజమానురాలు, గుజరాతీ ముసలమ్మ, మేమందరం బా అంటాం, మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటున్నారనుకుని గొడవ ఆపడానికి మెట్లెక్కి వచ్చింది. ఆయన అడుగుతున్నది మామిడికాయ తొక్కు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీతోటి మాట్లాడుడు చెవిటోని ముందర శంఖమూదినట్టే" అని ఎన్నిసార్లు అన్నానో. వినపడక నవ్వేవాడు.

ఆ మార్చిలో మహమ్మారి వచ్చిందని, ఎవరూ ఇల్లు దాటొద్దని అన్నీ మూసేశారు. ఇరవైనాలుగు గంటలూ అవతలి ఉధ్నా పేట దాకా మోగే సాంచాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మేం ఉలిక్కిపడలేదు, ఆయన ఉలిక్కిపడ్డాడు. చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని మంచం మీద లేచి కూర్చున్నాడు. చీరలకు వేలాడే పోగులు ఇంట్లో కూర్చుని కత్తిరించే నా కూలిపని కూడా ఆగిపోయింది. కత్తిరించిన పోగుల సంచీ ఒకటి మంచం కింద మిగిలింది. ఊళ్లకు పోయేవాళ్లు పోయారు. ఇంత చిన్నదాన్ని ఎత్తుకుని ఎక్కడ నడుస్తామని మేం ఆగిపోయాం.

పెద్దదాని బడి నుంచి ఫోనుకు ఒక జాబితా వచ్చింది, ఇంట్లో పిల్లల్ని ఆడించడానికి ఆటలట. బెలూన్లు ఊదండి, రంగు కాగితాలు అతికించండి, ఒక గదిలో వస్తువు దాచి ఇంకో గదిలో ఉన్న పిల్లల్ని పిలిచి వెతకమనండి. "ఇంకో గది గూడ వాళ్లే పంపుతరా?" అన్నాను. పెద్దది పడీ పడీ నవ్వింది. ఆయన మాత్రం ఆ జాబితాను పట్టుకుని కూర్చున్నాడు. పిల్లలతో ఆడాలి. పదహారేళ్లలో ఆయనకు మొదటిసారి పగళ్లు దొరికాయి.

నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి చింతగింజలతో అష్టాచమ్మా పెట్టాడు. పాత పేపర్లతో పడవలు చేసి బకెట్లో వదిలాడు. పెద్దది రెండింట్లోనూ దూరింది. చిన్నది నా చీర కుచ్చిళ్లు వదల్లేదు. "ఇటు రా బిడ్డా!" అని ఆయన ప్రేమగా పిలిచిన పిలుపుకు అది గ్యాసు సిలిండరు వెనక్కి పోయేది. ఎవరో చుట్టం వచ్చి ఎంతకీ పోవడం లేదన్నట్టు ఆయన్ను చూసేది.

తరువాత ఒక రోజు దాగుడుమూతలు అన్నాడు. ఒకటే గదిలో దాక్కోవడమేమిటని నేను నవ్వాను. పెద్దది బకెట్టు వెనక కూర్చుంటే సగం మనిషి పైకే కనిపిస్తోంది, అయినా ఆయన "యాడున్నదబ్బా" అని తలుపు వెనక వెతికాడు. చిన్నది ఎప్పుడు దూరిందో మంచం కింద దూరింది. అది ఆటలోకి వచ్చిందని ఆయనకు సంతోషం పట్టలేదు. వంగి, మంచం కిందికి తల పెట్టి, "దొరికినవ్!" అని అరిచాడు.

చిన్నది కదల్లేదు. దాని గౌను తడిసిపోయి నీళ్లు నేల మీదికి పారాయి. ఏడుపు మాత్రం రాలేదు, ఎందుకంటే చప్పుడు చేస్తే ఓడిపోతారు.

నేను దాన్ని ఎత్తుకుపోయి కడిగి, బట్టలు మార్చి వచ్చేసరికి ఆయన తడిగుడ్డతో నేల తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

"నేనెప్పుడన్న దాన్ని కొట్టిన్నానే?"

"లేదు."

"మరెందుకు గట్ల భయపడ్తది?"

నాకు తెలుసు. చెప్పలేదు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతిలో ఆయన పడ్డాడు, నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను.

"సాంచాలు షురువైనయంటే మళ్ల నాది గోడ దిక్కు తిరిగి పండుకునుడే," అన్నాడాయన. "గీ లోపల ఒక్కసారన్న అది తనంత తానే నా దగ్గరికి రావాలె. పిలిస్తె గాదు." ఆ మాట కూడా గ్యాలరీ మొత్తానికి వినపడేలా అన్నాడు, పాపం.

ఆ తరువాత పిలవడం మానేశాడు. సాయంత్రమైతే గ్యాలరీలో నిలబడేవాడు. సందుకు అవతలి బిల్డింగులో ఆయన జోడీదారు ఉండేవాడు, కార్ఖానాలో పక్క సాంచాలు నడిపేవాడు. సందులో దిగితే పోలీసులు లాఠీలు ఊపుతున్నారు గనుక ఇద్దరూ ఎవరి గ్యాలరీలో వాళ్లు నిలబడి మాట్లాడుకునేవాళ్లు. నోటితో కాదు, చేతులతో. సాంచాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు గాని, అంతసేపు అన్ని ముచ్చట్లు చెప్పుకోవచ్చని చూసేదాకా తెలియదు. ఇద్దరూ ఎవరినో తిట్టుకుంటున్నారు, ఏ ఊరి బస్సు గురించో చెప్పుకుంటున్నారు, మధ్యలో భుజాలు ఎగరేసి నవ్వుకుంటున్నారు. ఎక్కడా చప్పుడు లేదు.

తలుపు సందులో నుంచి చిన్నది చూస్తోంది. పెద్దదాని చెయ్యి లాగి, సందు పిల్లల దగ్గర పట్టిన హిందీలో, బాపు ఏం ఆట ఆడుతున్నాడని గుసగుసగా అడిగింది. "దీదీ, బాపు క్యా ఖేల్ రహా హై?"

మా ఇంట్లో చప్పుడు లేకుండా ఆడే ఆట తనకొక్కదానికే బాగా వచ్చనుకునేది అది. బాపుకు కూడా వస్తుందని ఆ రోజు కనిపెట్టింది.

పెద్దది వెళ్లి అడిగితే ఆయన గ్యాలరీలోనే కూర్చుని చూపించాడు. రెండు చూపుడువేళ్లు కొక్కేల్లా తగిలించి టక్కున విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదాలకు ఆనిస్తే చాయ్. లేని బొజ్జ మీద చెయ్యి తిప్పితే సేటు వస్తున్నాడని. పెద్దది దానికి పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి ఇంకొకటి చూపించాడు. వేలు కంటికి, అక్కణ్నుంచి సాంచా వైపు, తరువాత అరచెయ్యి తన గుండెకు. "నా సాంచా చూస్తుండు" అని. దానికి జవాబు, అవతలివాడు తన గుండె మీద రెండుసార్లు తట్టుకోవడం.

"ఏ నీళ్లకో దొడ్డికో పోతే మన సాంచా ఎవలో ఒకలు చూడాలె గద," అన్నాడు. "మనం లేనప్పుడు పోగు తెగితే బట్ట ఖరాబైతది. అందుకే అందర్కి అప్పజెప్పరు. నమ్మినోనికే అప్పజెప్తరు. ఒప్పుకున్నోడు గూడ మనమొచ్చేదాంక కదలడు."

తలుపు వెనక చిన్నదాని వేలు దాని కంటికి పోవడం నేను చూశాను.

రెండు రోజుల్లో అన్నీ పట్టేసింది. మా అమ్మ ఉంటే పువ్వు పుట్టగానే పరిమళించిందనేది. కాని ఆ చేతుల మాటలన్నీ అక్కతోనే. ఆయనవైపు తిప్పలేదు. అయినా ఆయన చేతులకేసి చూసేది, మొహంకేసి కాదు.

అలా కార్ఖానా ఆట మొదలైంది. మంచం కింది సంచీలోని పోగులు తీసి మంచం కోళ్ల మధ్య అడ్డంగా కట్టాను. తలవైపు పెద్దదాని సాంచా, కాళ్లవైపు చిన్నదానిది. తలుపు గడియకు కట్టినవి ఆయనవి. పొయ్యి నా సాంచా అట, పెద్దదే తేల్చింది. ఎవరో ఒకరు గరిటెతో పళ్లెం వాయిస్తూ ఉండాలి, అది కార్ఖానా మోత. మోత ఉన్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదు. ఇన్నేళ్లు గరిటె కింద పడితే గుడ్లురిమిన నేనే వాళ్లతో పాటు ఇల్లు పీకి పందిరేశాను. బా పైకొచ్చింది. ఈసారి గొడవ నిజంగానే ఉంది. గుమ్మంలో నిలబడి, పోగులూ పళ్లేలూ, గడియ దగ్గర గంభీరంగా నిలబడ్డ మా ఆయన్నూ చూసి, నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని "అడ్ధో కలాక్, బస్" అంది. రోజూ అరగంటకు అలా ఒప్పుకుంది.

ఆ అరగంట మా ఇంట్లో గొంతు లేని బాపు ఉండేవాడు. చిన్నది సిలిండరు వెనక నుంచి బయటికి వచ్చి తన సాంచా నడుపుకునేది. ఆయనకు రెండు జానెల దూరంలో తిరిగేది. పొరపాటున చెయ్యి తగిలితే మాత్రం వెనక్కి తీసుకునేది. ఆయన చూడనట్టు నటించేవాడు. అంతకుముందు సాంచాలు ఎప్పుడు మొదలవుతాయోనని రోజూ కార్ఖానాకు ఫోను చేసేవాడు, అదీ మానేశాడు. అడిగితే రమ్మంటారేమోనని.

ఒక మధ్యాహ్నం పెద్దదానికి ఒళ్లు వెచ్చగా ఉంటే పడుకోబెట్టాను. మాకు భయమేసిన రోజులవి, వెచ్చన అంటేనే గుండె జారేది, మర్నాటికి తగ్గిపోయిందనుకోండి. నీళ్లొచ్చాయని నేను గ్యాలరీలో బట్టలు తీసుకుని కూర్చున్నాను. గదిలో చిన్నదాని సాంచా నడుస్తోంది, మోత లేకుండానే. ఆయన గడియ దగ్గర తన పోగులు సర్దుకుంటున్నాడు.

చిన్నది కాళ్లు మెలిపెట్టుకుని నిలబడింది. దొడ్డికి పోవాలి. అక్కను చూసింది, నిద్రపోతోంది. నన్ను చూసింది. నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. లేచి పోదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. లేవలేదు. నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

అది ఆయనవైపు తిరిగింది. వేలు కంటికి, అక్కణ్నుంచి మంచం కోళ్లకు, అరచెయ్యి గుండెకు.

ఆయన గుండె మీద రెండుసార్లు తట్టుకున్నాడు. వచ్చి, మంచం కాళ్లవైపు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అది నా పక్క నుంచి పరుగెత్తుకుంటూ గ్యాలరీ చివరికి పోయింది.

సరిగ్గా అప్పుడే సందులో కేక వినపడింది, మూల మీద గోధుమలు పంచుతున్నారని. జనం దిగుతున్నారు. ఎదురు గ్యాలరీలోంచి జోడీదారు మా గుమ్మంకేసి చేతులూపి రమ్మంటున్నాడు. మా ఆయన కూర్చున్న చోటు నుంచే చెయ్యి ఊపాడు. తరువాత అరచెయ్యి మంచం కోడు మీద పెట్టి చూపించాడు. రాలేను, సాంచా మీదున్న.

"ఏందయా, నడువ్! గోధుమలు ఒడ్సిపోతయి!" అని నేను అరిచాను.

నాకేసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "పొల్ల సాంచా అప్పజెప్పి పోయిందే!"

చిన్నది పోయింది పోయినట్టే, ఎంతకీ రాలేదు. వస్తూ వస్తూ గ్యాలరీ కడ్డీల్లోంచి కింద క్యూ కట్టిన జనాన్ని చూస్తూ నిలబడిపోయింది. ఇవతల ఈయన కదల్లేదు. గాలికి తలుపు వచ్చి మంచానికి కొట్టుకుని చిన్నదాని పోగు ఒకటి తెగితే, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి ముడి వేశాడు. సాంచా మీద వేసే ముడి, కంటికి ఆవగింజంత కూడా ఉండదు.

చిన్నది వచ్చి తన సాంచా తనిఖీ చేసింది. ఒక్కొక్క పోగు మీదా వేలు పెట్టి జరుపుకుంటూ పోయి, ముడి దగ్గర ఆగింది. దాన్ని రెండు మూడుసార్లు తడిమింది.

"గిది ఎవ్వలు కట్టిన్రు?"

ఆయనతో అది నోటితో మాట్లాడిన మొదటి మాట అది. ఆయన గుసగుసగా చెప్పాలని ఎంత కష్టపడ్డాడో. ఆయన గుసగుస మన మామూలు మాటంత ఉంటుంది. "నేనే, బిడ్డా."

అది పక్కనున్న మంచి పోగు పట్టుకుని పుటుక్కున తెంపింది. రెండు కొసలూ ఆయన చేతిలో పెట్టింది.

"మళ్ల కట్టు."

కట్టాడు. ఇంకొకటి తెంపింది. కట్టాడు. నాలుగోది తెంపేసరికి అది ఆయన మోకాలి మీద కూర్చుని ఉంది, ఎప్పుడు ఎక్కిందో దానికే తెలియదు. ఆయన మాత్రం ఆ మోకాలు తిమ్మిరెక్కినా కదపలేదు. గోధుమలు మాకు ఆ రోజు దొరకలేదు.

సాయంత్రం ఇక ఉండబట్టలేక ఆయన పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. "దానికి నువ్వంటే భయం పెట్టింది నేనే."

"ఏందీ?"

"నేనే దాన్ని భయపెట్టిన."

"జర గట్టిగ చెప్పవే, వినవడ్తలేదు."

ఏం చేస్తాను. "బాపు లేస్తడు, బాపు లేస్తడని రోజూ నేనే బెదిరించిన!" అని అరిచాను. అరుస్తుంటే ఏడుపొచ్చింది. పది గదుల గ్యాలరీ నా తప్పు విన్నది. ఎవరింట్లోనో మిక్సీ ఆగింది కూడా.

ఆయన కోపగించుకుంటే బాగుండుననిపించింది. "నా నిద్ర కోసమే చేసినవ్ గద," అన్నాడు. "మంచిగ నిద్రపోయిన గూడ, ఇన్నేండ్లు." ఆ మాటకు ఇంకా ఏడ్చాను.

వానలు మొదలయ్యాక కార్ఖానా నుంచి ఫోను వచ్చింది. మళ్లీ రాత్రి పాళీనే. ముక్కుకు గుడ్డ కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని పోయాడు. మర్నాడు పొద్దున ఏడింటికి జుట్టు నిండా నూగుతో వచ్చి, ఇంత తిని మంచం ఎక్కాడు. నేను పొయ్యి దగ్గర గిన్నెలు బకెట్లోకి సర్దుకుంటున్నాను. తిరిగి చూస్తే చిన్నది మంచం మీద, ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఈసారి గోడవైపు తిరగలేదు.

పాత అలవాటు. నా వేలు పెదాల మీదికి పోయింది, "ష్... బా" దాకా వచ్చి ఆగిపోయాను. వేలు దించేసి, బయటికి రమ్మని దానికి సైగ చేశాను, పడుకోనీ, గ్యాలరీలో ఆడుకుందువు రమ్మని.

అది తల అడ్డంగా ఊపింది. నాకేసి చెయ్యి ఊపి, తరువాత తన చిన్న అరచెయ్యి ఆయన తల మీద పెట్టి చూపించింది. రాలేను, సాంచా మీదున్న. ఆ వెంటనే తన గుండె మీద రెండుసార్లు తట్టుకుంది, చప్పుడు కాకుండా. నేను అటు తిరిగి ఉన్నప్పుడు, కళ్లు మూసుకునే ముందు, ఆయన దానికి అప్పజెప్పాడన్నమాట.

గిన్నెల బకెట్టు ఎత్తుకుని బయటికి వచ్చాను. కళ్ల నిండా నీళ్లతో తలుపు దగ్గరికి వేస్తూ చూశాను. అది ఆయన జుట్టులోంచి నూగు ఒక్కొక్క పోగే తీసి తన గౌను ఒడిలో వేసుకుంటోంది.